ఎవరి లెక్కలో చౌక?

2022 ఏప్రిల్‌లో ఒక ఆదివారం సాయంత్రం, సన్నీవేల్‌లోని మా చిన్న అపార్ట్‌మెంట్‌లో నా సహచరుడు భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఒక పట్టిక చూపించాడు. ఒక పక్క కాలిఫోర్నియా, ఇంకో పక్క టెక్సాస్. అద్దె, ఆదాయపు పన్ను, ఇంటి ధర, కారు ఇన్సూరెన్స్, స్కూలు అయ్యాక పాప ఉండే డేకేర్, అన్నీ కూడి చివర తేడా వేశాడు. చాలా పెద్ద తేడా. నేనూ సంతోషపడ్డాను. పెరడున్న ఇల్లు నాకూ కలే. రాత్రి పడుకునే ముందు పట్టిక మళ్లీ చూస్తే 'సామాన్లు సర్దడం' అన్న వరస కనిపించింది. దాని ఎదురుగా సున్నా. సర్దేది నేను కనుక అది ఖర్చు కాదు. డేకేర్‌కి ఎదురుగా టెక్సాస్ గడిలో కూడా సున్నాయే. అక్కడ నాకు ఉద్యోగం ఉండదు కనుక పాపని నేనే చూసుకుంటాను.

ఈ వ్యాసం ఆ రెండు సున్నాల గురించి.

ఖరీదైన ఊరు, చౌక ఊరు అనేవి కొండల్లా నదుల్లా వాటంతటవే ఏర్పడలేదు. 1950ల దాకా శాంటా క్లారా లోయ ఆప్రికాట్, ప్రూన్ తోటలకు పేరు. 1957లో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్, 1968లో ఇంటెల్ వచ్చాయి. 1971లో 'సిలికాన్ వ్యాలీ' అన్న పేరు అచ్చులోకి వచ్చింది. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన, ఆస్తిపన్నుని విలువలో 1 శాతానికి పరిమితం చేసింది. ఇల్లు చేతులు మారేదాకా ఆ విలువని ఏటా 2 శాతానికి మించి పెంచకూడదంది. ఎప్పుడో కొనుక్కున్నవాళ్లకి కదలకుండా ఉండటమే లాభమైంది. నగరపాలికలకి కొత్త ఇళ్ల కన్నా అమ్మకపు పన్ను తెచ్చే దుకాణాలు ముద్దయ్యాయి. ఉద్యోగాలు పెరిగినంతగా ఇళ్లు పెరగలేదు. మాలాగా ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆ చరిత్రకి నెలనెలా అద్దె కట్టారు.

టెక్సాస్ చౌకదనం కూడా తయారు చేసిందే. 1958లో డల్లాస్‌లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ మొదటి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ని చేసి చూపించాడు. 1967లో ఐబిఎం ఆస్టిన్‌కి వచ్చింది. 1983లో ఎంసిసి, 1988లో సెమాటెక్ అనే పరిశోధనా కూటములు ఎక్కడ పెట్టాలన్నప్పుడు రాష్ట్రాలు పోటీపడ్డాయి. రెండుసార్లూ ఆస్టిన్ గెలిచింది. అక్కడ వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. 2019లో దాన్ని రాజ్యాంగ సవరణతోనే నిషేధించుకున్నారు. ఆ లోటుని ఆస్తిపన్ను, అమ్మకపు పన్ను పూడుస్తాయి. 2017లో టొయోటా తన ఉత్తర అమెరికా కేంద్ర కార్యాలయాన్ని కాలిఫోర్నియా నుంచి ప్లేనోకి తెచ్చింది. 2020 డిసెంబర్‌లో ఒరాకిల్, హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్, 2021లో టెస్లా తమ కేంద్ర కార్యాలయాలు టెక్సాస్‌కి మారుతున్నట్టు ప్రకటించాయి. 2020 జనాభా లెక్కల తర్వాత కాలిఫోర్నియా ఒక కాంగ్రెస్ స్థానం పోగొట్టుకుంటే టెక్సాస్‌కి రెండు కలిసొచ్చాయి. మేం చేరిన ఫ్రిస్కోలో 1990లో 6,141 మంది ఉండేవాళ్లు. 2020 నాటికి 2,00,509 మంది. ఆ ఊరి పేరు సెయింట్ లూయిస్-శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వే నుంచి వచ్చింది. ఆ రైలు ఎప్పుడూ శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్లలేదు.

కంపెనీల చరిత్ర, పన్నుల చరిత్ర ఇలా రాసిపెట్టి ఉంది. మరి పెట్టెలు కట్టిన స్త్రీలు ఈ చరిత్రలో ఎక్కడున్నారు?

వెతికితే ఉన్నారు, కానీ మరొకరి లెక్కలో భాగంగా. 1951లో విలియం వైట్ ఫార్చ్యూన్ పత్రికలో కార్పొరేట్ అధికారుల భార్యల గురించి రాశాడు. కంపెనీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి నవ్వుతూ సర్దుకుపోయే భార్య కూడా ఉద్యోగి అర్హతల్లో ఒకటన్న సంగతి అందులో తెలుస్తుంది. 1978లో ఆర్థికశాస్త్రవేత్త జాకబ్ మిన్సర్ కుటుంబ వలసల మీద ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించాడు. ఒకరి నష్టం కన్నా ఇంకొకరి లాభం ఎక్కువైతే కుటుంబం కదులుతుంది, ఆ నష్టపోయే మనిషి 'టైడ్ మూవర్', అంటే ముడిపడి ఉండటం వల్ల కదిలే మనిషి, అన్నాడు. ఎక్కువగా ఆ మనిషి భార్యేనని కూడా అతను గుర్తించాడు. నాకు ఆ మాట నచ్చింది. అందులో కనీసం ముడి ఉందన్న ఒప్పుకోలు ఉంది. కానీ ఆ సూత్రంలో కుటుంబం అంటే ఒకే జేబు. లాభం ఆ జేబులో పడితే నష్టం దానంతటదే తీరిపోతుందనుకోవాలి. ఆ జేబులో చెయ్యి పెట్టే అధికారం ఎవరిది అన్న ప్రశ్న అందులో లేదు. స్త్రీవాదులు అడుగుతూ వచ్చింది ఆ ప్రశ్నే.

మన తెలుగు ఆడవాళ్ల విషయంలో ఈ ముడిని చట్టమే వేసింది. 1990 వలస చట్టం హెచ్-1బి వీసాని ఇప్పుడున్న రూపంలో తెచ్చింది. ఆ ఉద్యోగి భార్యకి హెచ్-4. దాని మీద ఉండొచ్చు, చదువుకోవచ్చు, పని మాత్రం చెయ్యకూడదు. 2015 మే నెలలో వచ్చిన నిబంధనతో కొందరికి పని అనుమతి దొరికింది. అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటితేనే. దాన్ని కొట్టెయ్యాలని వేసిన దావాలో 2024 ఆగస్టులో అప్పీళ్ల కోర్టు నిబంధన పక్షాన తీర్పు చెప్పింది. అంటే తొమ్మిదేళ్లపాటు ఆ ఉద్యోగాలన్నీ కోర్టు మెట్ల మీదే ఉన్నాయి. ఈ స్త్రీల జీవితాల గురించి ఎమీ భట్ 2018లో, పల్లవి బెనర్జీ 2022లో పుస్తకాలు ప్రచురించారు. అంతకుముందే 2007లో చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్, హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ తెలుగు ఐటి ఉద్యోగుల మధ్య తిరిగి రాసిన పుస్తకంలో, ఈ వలసకి పెట్టుబడిగా కట్నం ఎలా పనిచేసిందో చూపించాడు. ప్రయాణపు ఖర్చులో ఒక వాటా ఆడపిల్ల పుట్టింటి నుంచే వచ్చిందన్నమాట. ఆ వాటా కూడా ఏ పట్టికలోకీ ఎక్కలేదు.

నేను తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డి పూర్తి చేసి 2015లో హెచ్-4 మీద వెళ్లాను. నాలుగేళ్లకి పని అనుమతి వచ్చింది. ఒక స్కూల్లో సహాయకురాలిగా చేరాను. నా చదువుకి దానితో సంబంధం లేదు. అయినా నెల జీతం నా పేరున వచ్చేది. సాయంత్రం బస్సులో ఇంటికొస్తూ పుస్తకం చదువుకునేదాన్ని. ఫ్రిస్కోలో ఆ ఉద్యోగం లేదు, ఆ బస్సూ లేదు. డల్లాస్ ప్రాంతపు ప్రజారవాణా సంస్థ డార్ట్‌లో ఫ్రిస్కో సభ్య నగరం కాదు. రెండో కారు కొనేదాకా ఆరు నెలలు పాలపాకెట్టు కావాలన్నా సాయంత్రం దాకా ఆగాను.

ఇవి సర్దుకోగలిగినవి. సర్దుకోలేనివి వేరే ఉన్నాయి. ఒకే దేశంలో రాష్ట్రం మారితే స్త్రీ శరీరం మీద చట్టం మారిపోతుందని నాకు పుస్తకజ్ఞానంగా తెలుసు. మేం ఇల్లు చూసుకోవడానికి వెళ్లింది 2022 జూన్‌లో. ఆ నెల 24న సుప్రీంకోర్టు రో తీర్పుని కొట్టేసింది. ఆగస్టు 25 నుంచి టెక్సాస్‌లో గర్భస్రావం దాదాపు పూర్తిగా నిషేధం. నవంబర్‌లో మేం వదిలి వచ్చిన కాలిఫోర్నియా ఓటర్లు ఆ హక్కుని తమ రాజ్యాంగంలో రాసుకున్నారు. మరుసటి ఏడు రెండో బిడ్డ గురించి డాక్టరుతో మాట్లాడుతూ, "మధ్యలో ఏదైనా ఇబ్బంది వస్తే?" అని అడిగాను. ఆమె కాసేపు ఆగింది. తర్వాత మాటలు ఏరుకుంటూ జవాబు చెప్పింది. ఆ ఆగడం నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండో బిడ్డ ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఇంకా ఉన్నాయి. కాలిఫోర్నియాలో 2004 నుంచి జీతంతో కూడిన కుటుంబ సెలవు అమల్లో ఉంది. టెక్సాస్‌లో ప్రైవేటు ఉద్యోగులకి రాష్ట్రం తరఫున అలాంటి పథకం లేదు. విడాకుల తర్వాత కోర్టు ఇప్పించే మనోవర్తి టెక్సాస్ చట్టంలోకి 1995లో గాని రాలేదు. హింస వంటి కొన్ని మినహాయింపులు తప్ప పదేళ్ల కాపురం నిండి ఉండాలి. ఇచ్చినా నెలకి 5,000 డాలర్లు లేదా భర్త స్థూల ఆదాయంలో 20 శాతం, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. కాలిఫోర్నియాలో ఈ పదేళ్ల గడప లేదు. మా కాపురానికి ఆ భయం లేదు. కానీ వీసా, ఇల్లు, కారు అన్నీ ఒకరి ఉద్యోగానికే వేలాడుతున్న ఇళ్లలో, విడిపోదామనుకునే ఆడమనిషికి ఈ వాక్యాలు అద్దె కన్నా ముఖ్యం.

అంతా నష్టమే అని రాస్తే అబద్ధం అవుతుంది. పెరట్లో గోంగూర వేశాను. పాపకి సైకిల్ తొక్కే చోటు దొరికింది. ఆర్నెల్లు ఉండిపోయేలా మా అమ్మ వచ్చింది, ఆమెకో గది ఇవ్వగలిగాను. పార్కులో కలిసిన తెలుగు ఆడవాళ్లం ఎనిమిది మందిమి నెలకోసారి లైబ్రరీలో కూర్చుంటున్నాం. ఒకామె న్యూజెర్సీ నుంచి, ఇద్దరు శాన్‌హోసే నుంచి, ఒకామె సియాటిల్ నుంచి వచ్చారు. దంతవైద్యురాలు ఒకరు, లెక్చరర్ ఒకరు. ఎవరి పట్టికలో వాళ్లం సున్నాలమే.

మొదటి సమావేశంలో భండారు అచ్చమాంబ గురించి చెప్పుకున్నాం. 1874లో పుట్టి 1905లో పోయిన ఆ మనిషి, భర్త ఉద్యోగం వల్ల తెలుగు దేశానికి దూరంగా మధ్యపరగణాల్లో బతికింది. అక్కడే హిందీ, మరాఠీ నేర్చుకుంది. స్త్రీల చరిత్రలు వెతికి వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. ముడిపడి కదిలిన మనిషే చరిత్రకారిణి అయింది. అది విని మాలో ఒకామె, "ఆమెకి పిల్లల్ని చూసుకునేవాళ్లు ఎవరండీ?" అని అడిగింది. అచ్చమాంబకి పుట్టిన బిడ్డలు దక్కలేదని చెప్పాను. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఈ ఏడాది మా ఆయన ఆఫీసులో మళ్లీ మార్పు మాట వినిపిస్తోంది. ఈసారి పట్టిక నేను వేశాను. తను రాసే వరసలన్నీ ఉంచి, కింద నావి కలిపాను. నా ఉద్యోగం, అక్కడి ఆసుపత్రిలో ఏ చికిత్స చట్టబద్ధం, నేను ఒంటరిగా బయటికెళ్లే దారి, నా స్నేహితులు, సర్దడానికి పట్టే గంటలు. తను చాలాసేపు చూశాడు.

"ఇవన్నీ అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"నువ్వు అడగలేదు. నేనూ పెరడు చూసి ఊరుకున్నాను" అన్నాను.

డేకేర్ వరసలో మాత్రం ఈసారి నేను సున్నా వెయ్యలేదు.