పదో బొమ్మ

చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ బొమ్మలు పోగేసేవాణ్ణి. తొమ్మిది దొరికాయి, పదోది దొరకలేదు. అదృష్టం లేదనుకున్నా. సంగతి అది కాదని జపాన్ గేముల చరిత్ర చదివాక తెలిసింది.

అక్కడి మొబైల్ గేముల్లో 'కంప్లీట్ గాచా' ఉండేది: డబ్బు కట్టి బొమ్మలు తీస్తూ పోవాలి, సెట్టు పూర్తయితే అరుదైన బహుమతి. పది బొమ్మలకీ సమాన అవకాశం ఉందనుకున్నా, మొదటిదానికి ఒక్కసారి చాలు. చివరిదానికి సగటున 10 సార్లు తీయాలి. మొత్తం 29. ఆడేవాడేమో 'ఇంకొక్కటేగా' అనుకుంటాడు.

2012 మేలో జపాన్ వినియోగదారుల వ్యవహారాల సంస్థ ఇది చట్టవిరుద్ధమని తేల్చింది. కొత్త చట్టం అక్కర్లేకపోయింది. బొమ్మల సెట్లతో ఎర వేయడాన్ని నిషేధించిన 1977 నాటి నియమమే సరిపోయింది.

మామూలు గాచా మాత్రం ఇప్పటికీ సాగుతోంది. అవకాశాల శాతం రాసిపెడితే చాలదు. సగటున ఎంత ఖర్చవుతుందో కొనేముందే చెప్పాలి.