ఓర్వకల్లు క్షిపణికి కొండల ఊసెందుకు?

2025 జులై 25న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఒక కబురు చెప్పారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలోని డీఆర్‌డీవో ప్రయోగక్షేత్రంలో, డ్రోన్ నుంచి వదిలిన యూఎల్‌పీజీఎం-వీ3 క్షిపణి పరీక్ష నెగ్గిందని. దాని బరువు పన్నెండున్నర కిలోలు. పాతిక కిలోల బియ్యం మూటలో సగం.

ఆ ప్రకటనలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. మైదానాల్లోనే కాదు, ఎత్తయిన కొండల్లోనూ దీన్ని ప్రయోగించవచ్చట. సముద్రమట్టానికి అయిదొందల మీటర్ల ఎత్తు కూడా లేని బండనేలలో పరీక్షించినదానికి కొండల ఊసెందుకు?

జవాబు వెతుక్కుంటూ పోతే 1999 మే 26 దగ్గర తేలతాం. కార్గిల్ యుద్ధంలో, కొండ శిఖరాలమీద తిష్ఠవేసిన శత్రువుపై మన వాయుసేన దాడులు మొదలైన రోజు అది. పైలట్లు తక్కువవాళ్లు కారు, బాంబులూ బలమైనవే. అయినా తొలినాళ్లలో అనుకున్న ఫలితం రాలేదు.

మొదటి కారణం నేలకూలిన విమానాలు. మే 27న మిగ్-21, మర్నాడు ఎంఐ-17 హెలికాప్టర్ భుజంమీద పెట్టి పేల్చే క్షిపణులకు బలయ్యాయి. దాంతో వాటికి అందనంత ఎత్తు నుంచే బాంబులు వేయాల్సి వచ్చింది. రెండోది గాలి. అంత ఎత్తులో అది పలచన. బాంబును నిలువరించే శక్తి తక్కువ. మైదానాల లెక్కలతో పెట్టిన గురి అక్కడ తప్పుతుంది. అసలు కీలకం మాత్రం కొండ ఆకారంలో ఉంది. చదును నేలమీద ఇరవై మీటర్లు తప్పితే బాంబు పక్కనే పడి ఎంతో కొంత నష్టం చేస్తుంది. సన్నటి శిఖరం మీద అదే ఇరవై మీటర్లు తప్పిందా, వందల మీటర్ల కింద లోయలో పేలుతుంది. పైన రాళ్లగోడ చాటున కూర్చున్నవాడికి చప్పుడే మిగులుతుంది.

జూన్ 24న మిరాజ్-2000 టైగర్ హిల్ మీద లేజర్ బాంబు వేసింది. విమానానికి తగిలించిన పాడ్ నుంచి లేజర్ కిరణం శత్రు బంకర్ మీద పడుతుంటే, బాంబు ముక్కులోని సెన్సర్ ఆ వెలుగును పట్టుకుని రెక్కలను తిప్పుకుంటూ దిగింది. మైదానాల గురి లెక్కలతో పని తగ్గింది. కానీ తగిలేదాకా వెలుగు పడుతూనే ఉండాలి. మబ్బు అడ్డొస్తే అంతే.

ఇప్పుడు ఓర్వకల్లు క్షిపణి గుణాలు చదవండి. వేడిని బొమ్మగా చూసే సీకర్, రాత్రిపూటా పని. వదిలాక కూడా గురి మార్చగల రెండువైపుల డేటా లింక్. కాంక్రీటు బంకర్‌ను తొలిచి పేలే వార్‌హెడ్ కూడా పెట్టుకోవచ్చు. కార్గిల్ వేసిన ప్రశ్నలకు వరుసగా జవాబుల్లా లేవూ? ఇది నా ఊహే గానీ, గట్టి ఊహ.

ఇది డ్రోన్ల సంగతి; పెద్ద విమానాలకు జవాబు వేరు. హైదరాబాద్ ఆర్‌సీఐ తదితర డీఆర్‌డీవో ల్యాబ్‌లు రూపొందించిన గౌరవ్ గ్లైడ్ బాంబు 2025 ఏప్రిల్‌లో సుఖోయ్-30 నుంచి దాదాపు 100 కిలోమీటర్లు వెళ్లి ఒక దీవిపై లక్ష్యాన్ని కొట్టింది.

వీ3 గురి కర్నూలు నేలమీద రుజువైంది. పలచని గాలిలో ఎలా నడుస్తుందన్నది మాత్రం కర్నూలు తేల్చలేదు. అది కొండెక్కాకే తేలాలి.