వానకు పుట్టి దుమ్ముకు చిక్కిన డోర్ రబ్బరు

తయారైన కారును గేటు దాటించే ముందు ఫ్యాక్టరీలో నీళ్ల పరీక్ష పెడతారు. బండిని ఒక గదిలోకి తోలి పైనుంచీ పక్కలనుంచీ కుండపోతగా నీళ్లు కొడతారు. లోపల ఎక్కడైనా తడి తగిలిందా, బండి మళ్లీ వెనక్కే. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. చుట్టూ ఉన్నదేమో ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వానతో సరిపెట్టుకునే అనంతపురం కరవు నేల. ఈ ఊళ్లలో తిరిగే కారుకు ఫ్యాక్టరీలో పడినంత జడివాన మళ్లీ ఎన్నాళ్లకు పడుతుందో!

ఆ నీళ్ల పరీక్షలో ముఖ్యంగా నెగ్గాల్సింది తలుపు చుట్టూ ఉండే నల్లటి రబ్బరు. షాపుల్లో డోర్ బీడింగ్ అంటారు. కారు కొనేటప్పుడు దాన్ని ఎవరూ చూడరు. అది అరిగాక కూడా చాలామంది గమనించరు. కోనసీమలోనైతే మొదటి వానకే సీటు తడిసి సంగతి తెలిసిపోతుంది. మన దగ్గర ఆ చెప్పే వాన రాదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని, మనకు ఉత్త గాలిని పంపుతాయి. రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగేది ఆ గాలికే. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఇసుకను పొలాల మీదికి ఎత్తిపోసేదీ అదే. ఆషాఢంలో ఆ దారిన పోయొచ్చాక డాష్‌బోర్డు మీద వేలితో పేరు రాయగలిగితే, మీ డోర్ రబ్బరు పని అయిపోయినట్టే లెక్క.

మొదట్లో కార్లకు ఈ రబ్బరు అవసరమే లేదు, ఎందుకంటే తలుపులే సరిగా లేవు. గుర్రబ్బండి నమూనాలో కట్టిన తొలి కార్లకు పైన గుడ్డ టాపు, పక్కలు బోడి. అమెరికాలో 1919 నాటికి అమ్ముడైన కార్లలో గట్టి పైకప్పు, అద్దాలు ఉన్నవి పదింట ఒకటి. 1922లో హడ్సన్ కంపెనీ ఎసెక్స్ కోచ్ అనే మూసిన కారును అందుబాటు ధరకు అమ్మడంతో కథ మలుపు తిరిగింది. 1920ల చివరికి లెక్క తారుమారై, గుడ్డ టాపు కార్లే అరుదయ్యాయి. మూసిన కారంటే తలుపుల చుట్టూ సందులు. చలిగాలి, వాన రాకుండా ఆ సందుల్లో తొలుత ఉన్ని పట్టీలు, తోలు ముక్కలు కుట్టారు. అవి తడిస్తే ఉబ్బేవి, ఎండితే ముడుచుకునేవి.

రబ్బరు అప్పటికే ఉంది. పచ్చి రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసై ఎందుకూ పనికొచ్చేది కాదు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడి చేస్తే గట్టిపడుతుందని కనిపెట్టాడు, 1844లో పేటెంటు తీసుకున్నాడు. పాపం, 1860లో అప్పులతోనే పోయాడు. ఆయన పేరు పెట్టుకున్న టైర్ల కంపెనీ 1898లో పుట్టింది, దానితో ఆయన కుటుంబానికి ఏ సంబంధమూ లేదు. 1876లో హెన్రీ వికామ్ బ్రెజిల్ నుంచి సుమారు 70,000 రబ్బరు గింజలు లండన్‌లోని క్యూ తోటకు చేర్చాడు. ఆ మొక్కల సంతతే సింహళం మీదుగా కేరళ కొండల దాకా పాకింది.

చెట్టు రబ్బరుకు ఒక జబ్బుంది. గాలిలో ఉండే కాస్త ఓజోను కూడా దాని అణువుల గొలుసులోని బలహీనమైన బంధాలను తెంచేస్తుంది. సాగి ఉన్న చోట అడ్డంగా సన్నటి పగుళ్లు వస్తాయి. 1930లో డ్యుపాంట్ ప్రయోగశాలలో నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు పుట్టాక ఈ బాధ చాలావరకు తగ్గింది. ఇప్పటి తలుపులకు కుదిరిన జవాబు 1960లలో వచ్చిన ఈపీడీఎం అనే మరో కృత్రిమ రబ్బరు. కార్ల్ జీగ్లర్, జూలియో నట్టా కనిపెట్టిన ఉత్ప్రేరకాలు దానికి దారి వేశాయి. ఆ ఇద్దరికీ 1963లో నోబెల్ ఇచ్చారు. ఈపీడీఎం ప్రధాన గొలుసులో ఓజోను పట్టుకుని తెంచే బంధాలు లేవు. అందులో మసి కలుపుతారు. బలంతో పాటు ఎండను అడ్డుకునే గుణం దాని వల్లే. ఏ రంగు కారుకైనా బీడింగ్ దాదాపు నల్లగానే ఉండేది అందుకే.

ఈ సంగతులు మన రోడ్లకు చేరడానికి చాలాకాలం పట్టింది. అధికారుల జీపులకు పక్కన కాన్వాసు గుడ్డే తలుపు. ఆ జీపు దిగినవాళ్ల కనుబొమలు ఎర్రమట్టి రంగులో ఉండేవి. 1950ల చివరి నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌కు తలుపులూ రబ్బరూ ఉన్నా దుమ్ము తన దారి తాను చూసుకునేది. మరోవైపు జర్మనీ వాళ్ల బీటిల్‌ను ఎంత బిగువుగా కట్టారంటే, అద్దం కాస్త దించితే తప్ప తలుపు సరిగా పడేది కాదని చెప్పుకునేవారు. ఇప్పటి కార్లలో వెనక భాగాన గాలి బయటికి పోయే రెక్కలు అందుకే పెడతారు.

అనంతపురంలో ఈ రబ్బరు చచ్చే తీరు వేరు. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన కారులో తలుపు నొక్కిన రబ్బరు నొక్కినట్టే ఉండిపోతుంది, తిరిగి ఉబ్బదు. ఇసుక రేణువులు దాని మీద కూర్చుని, తలుపు వేసిన ప్రతిసారీ గరుకు కాగితంలా రుద్దుతాయి. కొందరు మెత్తబడుతుందని డీజిలో గ్రీజో పూస్తారు. దాన్ని మించిన చెడ్డపని లేదు. పెట్రోలియం నూనెలకు ఈపీడీఎం ఉబ్బి వదులవుతుంది. పూయాలనిపిస్తే సిలికోన్ స్ప్రే, అదీ గుడ్డకు కొట్టి తుడవాలి.

మార్చడం ఇంట్లో అయ్యే పనే. చాలా కార్లలో చట్రం అంచున ఉండే బీడింగ్‌కు జిగురు కూడా ఉండదు. ఒక చివర పట్టి లాగితే ఊడి వస్తుంది. చూడండి: ఒకవైపు గుల్లగా మెత్తటి గొట్టం, రెండోవైపు రేకు అంచును కరిచే నోరు. ఆ నోట్లో రబ్బరు నాలుకలు, దాని గోడల్లో దాచిన ఇనప రేకు. కొత్తది కొనడానికి ఆ పాత ముక్కనే షాపుకు పట్టుకుపోండి. గొట్టం లావు, నోటి వెడల్పు రెండూ కలవాలి. మీటరు లెక్కన వచ్చేది చౌకే గాని, లావు ఎక్కువైతే తలుపు బాదాల్సి వస్తుంది.

అయితే ముందు తలుపును సగం తెరిచి, అంచు పట్టుకుని పైకి ఎత్తి చూడాలి. లటలటలాడితే అరిగింది బందు, రబ్బరు కాదు. బందు బాగుంటే రేకు అంచున పేరుకున్న మట్టి, తుప్పు గీకి తుడిచి, కొత్త రబ్బరు అతుకు కింది గడప మధ్యన వచ్చేలా మొదలెట్టాలి. అరచేత్తో ఒత్తుకుంటూ పోవాలి. సాగదీస్తే మూలల్లో గొట్టం చప్పబడుతుంది, నాలుగు రోజులకే మళ్లీ సందు. చివర్లో ముక్కను అర అంగుళం మిగిల్చి కోసి, దగ్గరగా నొక్కి కూర్చోబెట్టాలి. తర్వాత రబ్బరు మీద సుద్ద రుద్ది తలుపు వేసి తీస్తే, ఎదుటి రేకు మీద ఎక్కడ గీత తెగిందో అక్కడ బిగువు లేనట్టు. మొదట్లో తలుపు గట్టిగా పడుతుంది. దానికి లాక్ కొక్కెం సడలించే పని పెట్టుకోకండి, రబ్బరే సర్దుకుంటుంది.

మట్టిరోడ్డు మీద ఏసీని లోపలి గాలి మీద కాక బయటి గాలి మీద పెట్టి ఫ్యాన్ పెంచితే, కారులో కాస్త ఒత్తిడి పెరిగి దుమ్ము సందుల్లోంచి లోపలికి లాగబడదు. దానితో పాటు తలుపు అడుగు అంచున ఉండే సన్నటి రంధ్రాలనూ ఒక పుల్లతో పొడవాలి. అద్దం పక్కనుంచి తలుపులోకి దిగే నీళ్లు బయటికి పోయే దారి అదే. ఆషాఢం గాలి వాటిని మట్టితో పూడ్చేస్తుంది. మనకు ఉన్నంతలో వాన ఎక్కువగా పడేది సెప్టెంబరులో. అప్పటికి రంధ్రాలు మూసుకుని ఉంటే నీళ్లు తలుపు కడుపులోనే నిలుస్తాయి, రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది.