మనుషుల వ్యాపారం: పరిశోధనలో కనపడని కులం

మానవ అక్రమ రవాణా అనగానే మన యూనివర్సిటీల్లో పత్రాలు చాలావరకు ఒకే బాటన నడుస్తాయి: మోసపోయిన ఆడపిల్ల, దళారి, పోలీసు దాడి, పునరావాసం. 2000లో ఐక్యరాజ్యసమితి పలెర్మో ప్రోటోకాల్ వచ్చాక ఈ ధోరణి మరీ బలపడింది. ఆ పిల్లల బాధ నిజం, కాదనం. అయితే మనుషుల్ని కొనడం అమ్మడం నిన్న మొన్న మొదలైందా అన్నదే మా ప్రశ్న.

మా బంటుమిల్లి వాళ్ళకి పట్నం అంటే బందరే. 17వ శతాబ్దంలో డచ్చి కంపెనీ కోరమాండల్ తీరంలో మనుషుల్ని కొని బటేవియాకు ఓడలెక్కించింది. ఆ తీరంలో కంపెనీకున్న ముఖ్యమైన రేవుల్లో బందరొకటి. కరువొచ్చిన ఏళ్ళలోనే ఈ వ్యాపారం పెరిగిందని మార్కస్ వింక్ 2003లో రాశాడు. 1843 చట్టంతో బానిసత్వానికి కోర్టుల్లో గుర్తింపు పోయింది. అప్పటికే, 1834 నుంచి, ఒప్పంద కూలీలు మారిషస్‌కు పోతున్నారు. తర్వాత మేస్త్రీలు ముందుగా అప్పులిచ్చి తెలుగు కూలీల్ని బర్మాకు తోలుకుపోయారు.

ఒప్పంద కూలీని హ్యూ టింకర్ 1974లో కొత్త రకం బానిసత్వమన్నాడు. ఫిజీ వెళ్ళినవాళ్ళంతా మోసపోయిన అమాయకులు కారని బ్రిజ్ లాల్ 1983లో చూపించాడు. బానిసా, స్వేచ్ఛగా పోయినవాడా అన్న ఈ తగవులోనే పరిశోధన చాలాకాలం తిరిగింది.

మరి ఓడెక్కకుండా ఊళ్ళోనే ఉండిపోయినవాడి సంగతేమిటి? 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది, డెల్టా పండింది. భూమి ఆసామిది, చాకిరీ పాలేరుది. పాలేర్లలో మాల మాదిగలే ఎక్కువ. తీసుకున్న అప్పు తీరేదాకా పాలేరు కదలడానికి లేదు. భూమిలేని కూలీని పుట్టించింది బ్రిటిష్ పాలనే కాదనీ, కులం అంతకుముందే కొందర్ని సేద్యపు దాస్యంలో ఉంచిందనీ ధర్మా కుమార్ 1965లోనే చెప్పింది. అయినా కూలీ ఒక పుస్తకంలో, పాలేరు మరో పుస్తకంలో, నేటి బాధితురాలు మూడో పుస్తకంలో ఉండిపోయారు. ముగ్గురూ ఒకే గూడెం నుంచి వచ్చి ఉండొచ్చన్న ఊహ అరుదు.

ప్రభా కోటీశ్వరన్ 2011 నాటి పుస్తకంలో తిరుపతి, సోనాగాచీ సెక్స్ వర్కర్లను శ్రామికులుగా చూసింది. చర్చను చాకిరీ వైపు తిప్పిన పని అది. దానికి కులాన్ని కలపాల్సింది మనం.

రాజ్యాంగం 23వ అధికరణంలో మనుషుల వ్యాపారాన్నీ వెట్టినీ కలిపే నిషేధించింది. కనీస వేతనం కన్నా తక్కువకి చేయించేదీ బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం కలిపిన వాటిని పరిశోధన విడదీస్తే నష్టపోయేది గూడెమే. లెక్కలోకి రానివాడికి విడుదలా లేదు, పరిహారమూ లేదు.

అందుకే పోలీసు కేసు దగ్గర కాదు, అడ్వాన్సు దగ్గర మొదలుపెడదాం. అప్పు ఎవరిచ్చారు? ఎవరికి భూమి లేక తీసుకున్నారు? ఆ మాట చెప్పగలిగిన ముసలాళ్ళు మన పేటల్లో ఇంకా ఉన్నారు.