సర్కారు మారితే కరువు తీరుతుందా? 2004ను మళ్లీ చూస్తే

హవేలిఘనపూర్ 2016లో మండల కేంద్రమైంది. అంతకుముందు మెదక్ మండలంలో ఒక ఊరు. ఇక్కడ బోరు మీద వరి వేసే రైతుకు 2000ల మొదట్లో రాత్రి కరెంటే దిక్కు. ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియదు కాబట్టి స్టార్టర్ డబ్బాకు ‘ఆటో’ బిగించేవారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. ఓల్టేజీ పడిపోయి వైండింగ్ కాలేది. మోటారును పైకి లాగి, బండి మీద వేసుకుని మెదక్ తీసుకెళ్లి, మళ్లీ చుట్టించి తెచ్చేసరికి మడి నెర్రెలు బారేది. రిపేరు ఖర్చు మళ్లీ అప్పే.

ఇలాంటి రోజుల్లో ‘ఈ సర్కారు పోవాలె’ అనడం సహజం. ఆ మాటకు ఆధారం ఎంతవరకు ఉందన్నది ఇక్కడి ప్రశ్న.

తెలుగునాట దీనికి దగ్గరి ఉదాహరణ 2004. దేశమంతా 2002లో రుతుపవనాలు దెబ్బతీశాయి. ఉమ్మడి రాష్ట్రంలో కరువు, కరెంటు చార్జీలు, రైతుల ఆత్మహత్యలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. 1999 అసెంబ్లీ ఎన్నికల్లో 180 స్థానాలు గెలిచిన పాలక తెలుగుదేశం 2004లో 47కు పడిపోయింది. మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి, వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీదే తొలి సంతకం పెట్టారు.

ఆ తర్వాతి సంవత్సరాల్లో పల్లెలు కొంత తేరుకున్నాయి. అయితే అది సంతకం వల్లనేనా? 2004లో వాన మళ్లీ మొహం చాటేసింది, ఆత్మహత్యలూ ఆగలేదు. 2005లో వానలు బాగా పడ్డాయి. దేశ ఆర్థిక వ్యవస్థ 2003 నుంచే వేగం అందుకుంది. వాన వాటా ఎంత, దేశం ఊపు ఎంత, కొత్త సర్కారు పని ఎంత అని విడదీయకుండా ఘనతంతా ఒకరికే కట్టబెట్టడం నా దృష్టిలో తొందరపాటు.

నాయకుడి వాటాను ఇలా విడదీసి చూసే ప్రయత్నాలు లేకపోలేదు. పదవిలో ఉండగా సహజ మరణంతోనో ప్రమాదంలోనో చనిపోయిన దేశాధినేతల మీద బెంజమిన్ జోన్స్, బెంజమిన్ ఓల్కెన్ 2005లో ఒక అధ్యయనం వెలువరించారు. నిరంకుశ పాలనల్లో నాయకుడు మారితే వృద్ధి రేటు గట్టిగా కదిలింది. ప్రజాస్వామ్యాల్లో అంత స్పష్టమైన మార్పు కనబడలేదు. అది దేశాల లెక్క, రాష్ట్రాలకు యథాతథంగా వర్తించదు. మన రాష్ట్రాల వానలను, ఎన్నికలను కలిపి చూసిన కోల్, హీలీ, వర్కర్‌ల 2012 పరిశోధన ఇంకా దగ్గరిది. వాన చెడితే ఓటరు పాలకపక్షాన్ని శిక్షిస్తాడు. సహాయం గట్టిగా అందించిన సర్కారుకు మాత్రం ఆ శిక్ష కొంత తగ్గుతుంది.

పొరుగున తమిళనాడులో అదే 2004 మేలో జరిగింది కూడా తూకం వేయాలి. లోక్‌సభ ఎన్నికల్లో ఒక్క సీటూ దక్కని నాటి ముఖ్యమంత్రి జయలలిత, కుర్చీ మారకుండానే రైతులకు ఉచిత విద్యుత్‌ను పునరుద్ధరించారు. అంటే ఓటమి భయం పాత నాయకత్వం చేత కూడా అదే పని చేయించగలదు. ‘కొత్తవాళ్లే కావాలి’ అనే వాదనకు ఇది గట్టి అడ్డంకి.

ఆ వాదన బలంగా నిలబడే చోటు ఉపాధి హామీ అని నా అంచనా. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం తొలి విడతలోనే మెదక్ జిల్లా ఉంది. ఆ చట్టం కేంద్రం చేసింది, రాష్ట్రాలన్నిటికీ ఒకటే. అమలు మాత్రం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా సాగింది. కంప్యూటర్ లెక్కలతో, సామాజిక తనిఖీలతో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో నిలిచింది. ఇక్కడ తేడా తెచ్చింది రాష్ట్ర పాలనే అనడానికి కొంత ధైర్యం చేయవచ్చు. అందులోనూ అధికారుల శ్రద్ధ ఎంత, నాయకుడి పట్టుదల ఎంత అన్నది విడిగా తేల్చాల్సిందే.

ఉచిత కరెంటు బోరున్నవాడి భారం దించింది, అది చిన్న మేలేమీ కాదు. ఎండిన బోరులోకి మాత్రం నీళ్లు తేలేదు. 2004లోనే జయతీ ఘోష్ అధ్యక్షతన వేసిన రైతు సంక్షేమ కమిషన్ కౌలు రైతులకు గుర్తింపు, బ్యాంకు రుణం అందాలని నొక్కి చెప్పింది. ఒక్క సంతకంతో అయ్యే పని మొదటి రోజే అయింది. కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం మాత్రం 2011 దాకా రాలేదు.