అన్నము బలమగు విధము



మా విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున ఇనుము కరుగవలెనన్న మహాకొలిమి కావలెను. ద్వారకానగరున మా వీధిలో బియ్యపు బస్తా మోయు హమాలీ దేహమునందును అన్నము ఇంధనమై ఖర్చగుచునే యున్నది. అచట మంటయు లేదు, పొగయు లేదు. అన్నమునకును కండబలమునకును నడుమ నున్న పదార్థమేది? దానిని వెదకి పట్టినవారిలో నొకరు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆయన మదరాసున వైద్యము చదివి, అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేగారితో కలసి, రక్తమూత్రములందు భాస్వరమెంత యున్నదో తేల్చు పద్ధతిని 1925లో ప్రకటించిరి. చూచుటకు చిన్న పనియే. కాని తక్కెడ సరిగా లేనిదే బేరము సాగదు గదా! ఆ కొలతయే వారిని కండరమునొద్దకు గొనిపోయెను.

అప్పటి పండితుల మతము వేరు. పెరుగును పులియజేయు లాక్టికామ్లమే కండరము ముడుచుకొనుటకు మూలమని వారు తలచుచుండిరి. కండరములను పరిశోధించిన హిల్, మేయర్‌హాఫ్‌గార్లకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించియుండెను. సుబ్బారావు, ఫిస్కేగార్లు 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను భాస్వర పదార్థమును చూపిరి. కండరము పనిచేసినపుడది తరుగును. విశ్రమించినపుడు మరల చేరును. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుపరచిరి. జర్మనీలో కార్ల్ లోమన్‌గారును అదే యేట దానిని కనుగొని, కొంత ముందుగనే ప్రకటించిరి. మనవాడను మమకారముచే లోమన్ పేరును విడుచుట నాకు న్యాయముగా తోచదు.

ఈ పదార్థమునకు వరుసగా మూడు భాస్వరపు ముక్కలు తగిలియుండును. చివరి ముక్క విడివడినపుడు కలుగు శక్తితో కండరము ముడుచుకొనును. విడిన ముక్కను మరల అతికింపవలెను. అందులకే అన్నము, ఊపిరి. మన దేహమున ఏ క్షణమున చూచినను ఈ పదార్థము కొలది తులములే. అదియే దినమునకు వందలమార్లు విడివడి, అతుకబడుచుండును.

ఈ అతుకు ప్రధానముగా జరుగు చోటు జీవకణములోని మైటోకాండ్రియా అను సూక్ష్మాంగములని 1948-49లలో కెనెడీ, లెనింజర్‌గార్లు చూపిరి. సుబ్బారావుగారు 1948 ఆగస్టులోనే అమెరికాలో కన్నుమూసిరి. ఆకుపచ్చని మొక్కల వంతు ఆ తరువాత వచ్చెను. పాలకూర ఆకులనుండి తీసిన హరితరేణువులు ఎండ వెలుతురుతోనే ఈ పదార్థమును కూర్చుకొనునని 1954లో డేనియల్ ఆర్నన్‌గారు నిరూపించిరి. ఆ బలముతోనే ఆకు గాలినుండియు నీటినుండియు చక్కెరను చేయును.

వరి మొక్కకును మైటోకాండ్రియా కలవు. పగలు తాను కూడబెట్టిన చక్కెరనే అది రాత్రివేళ ప్రాణవాయువుతో, మన హమాలీ దేహమువలెనే, ఖర్చుపెట్టుకొనుచుండును.