కూలిపోతున్న దిబ్బలో ఎలుగుబంటి తోలు

ఇంగ్లండ్ నైరుతి మూల, డెవన్‌లో డార్ట్‌మూర్ అనే ఎత్తయిన బీడు ఉంది. చెట్టూ చేమా తక్కువ, గాలీ వానా ఎక్కువ. అక్కడ సుమారు 600 మీటర్ల ఎత్తున, వైట్‌హార్స్ హిల్ మీద ఒక పీట్ దిబ్బ ఏటేటా కరిగిపోతూ వచ్చింది. 2001లో దాని పక్కనుంచి ఓ రాతిపలక ఊడిపడింది. తొంగిచూస్తే లోపల రాతిపెట్టె! తెలంగాణలో జనం రాక్షసగుళ్లు అనే సమాధుల్లో కనిపించే పెట్టెల్లాంటిదే, కాకపోతే బాగా చిన్నది.

వెంటనే తవ్వేశారా అంటే, లేదు. ఉన్నదాన్ని ఉన్నచోటే కాపాడాలని ముందు చూశారు. నా దృష్టిలో అది మంచి పద్ధతే. తవ్విన సమాధిని మళ్లీ తవ్వలేం కదా. కానీ దిబ్బ ఆగలేదు. ఇక లాభం లేదని 2011 ఆగస్టులో, డార్ట్‌మూర్ జాతీయ పార్కు పురావస్తు నిపుణురాలు జేన్ మార్చండ్ బృందం రంగంలోకి దిగింది. పెట్టెలోని సరుకును కొండమీద విప్పకుండా, మట్టితో సహా ఎత్తి విల్ట్‌షైర్ ప్రయోగశాలకు చేర్చారు.

పీట్ అంటే కుళ్లీ కుళ్లని నాచు. ఎప్పుడూ తడిగా ఉంటుంది, లోపలికి గాలి చొరదు. మామూలు నేలలో అయితే పూసలు, కాలిన ఎముకలు తప్ప పెద్దగా ఏమీ మిగిలేది కాదు. ఇక్కడ కాల్చిన ఎముకలను చుట్టిన ఎలుగుబంటి తోలే దొరికింది! పక్కన చెట్టునారతో అల్లిన బుట్ట, అందులో అంబర్, షేల్, మట్టి పూసలు రెండు వందలకు పైగా. ఆవు వెంట్రుకలతో నేసి తగరం బొడిపెలు తాపిన కడియం. నెటిల్ అనే దురదమొక్క నారకు దూడతోలు కుట్టిన పట్టీ. కాలం క్రీ.పూ. 1730–1600 మధ్య అని తేలింది.

అన్నిటికంటే నన్ను ఆపేసినవి చెక్క దుద్దులు. రెండు జతలు, తరిణె పట్టి నున్నగా చేసినవి. బ్రిటన్‌లో తరిణె పనికి ఇంతకంటే పాత ఆధారం అప్పటికి లేదు. ఆ సమాధిలోని వ్యక్తి వయసు 15–25 ఏళ్లు. ఆడో మగో ఎముకలు చెప్పలేదు. దుద్దులున్నాయి కాబట్టి అమ్మాయే అనుకోవడం తొందరపాటు. మన తాతల చెవులకూ పోగులుండేవిగా.